ఏడు సముద్రాల మీద పట్టుసంచి

దగ్గరికి జరగండర్రా, ఇంకా దగ్గరికి. దేవుణ్ణి ఒక్కసారి తలుచుకుని వినండి.

అనగనగా ధర్మకేతుడని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. వేడిగాలి నింపిన పట్టుసంచికి బుట్ట కట్టుకుని పెద్దవాడు ఏడు సముద్రాలు దాటబోయాడు. సుడిగాలి మాంత్రికుడనేవాడు తుఫాను లేపి, అతన్ని పట్టి, రాతిబొమ్మను చేశాడు. అన్నను వెతకబోయిన రెండోవాడూ బొమ్మయ్యాడు. ఇక మూడోవాడు మణికంధరుడు బుట్టెక్కాడు.

ముగ్గురికీ సంచులు కుట్టింది నేతవారి పిల్ల నాంచారి. "దొరా, పట్టు తడిస్తే బరువెక్కుతుంది. అప్పుడు బుట్టలో బరువు పారెయ్యాలి. మీ అన్నలకూ చెప్పాను, నవ్వారు."

"నేను నవ్వలేదుగా!"

"నవ్వకపోతే చాలదు, తిరిగి రావాలి."

ఒక సముద్రం దాటాడు. రెండు దాటాడు. మూడు దాటాడు. గాలితోపాటే పోతున్నాడు కనుక గాలి చప్పుడే లేదు. బుట్టలో దేవుడికి పెట్టిన దీపం కూడా కదల్లేదు నాయనా! "ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు. ఎవరూ పలకలేదు. నాలుగు, ఐదు, ఆరు... రోజూ అరిచాడు. ఎవరూ పలకలేదు.

ఏడో సముద్రం మీద "ఉన్నాను" అని వినబడింది! మబ్బుకు వేలాడే బంగారు పంజరంలో చిలుక.

"నూరేళ్ళయింది మనిషి గొంతు విని," అంది చిలుక. "మాంత్రికుడి ప్రాణం నాలో ఉంది. ఈ మంత్రపు పంజరంలో ఉంటే పిడుగు కూడా నన్ను తాకదు. తలుపు తీసి నా మెడ విరువు, వాడు చస్తాడు."

"నాకు బదులు పలికింది నువ్వొక్కదానివే. నిన్నెలా చంపను?" అని పంజరాన్ని బుట్టలోకి తీసుకున్నాడు.

అంతలో తుఫాను లేచింది. పట్టు తడిసింది. బుట్ట కిందికి జారింది. ఇసుకమూటలు విసిరాడు, ఆగలేదు. తిండిమూట విసిరాడు, ఆగలేదు.

"నన్ను విసిరెయ్," అంది చిలుక.

మణికంధరుడు తలుపు తీసి చిలుకను ఒళ్ళో దాచుకున్నాడు. ఖాళీ పంజరాన్ని విసిరేశాడు. అలలకు బెత్తెడు ఎత్తున బుట్ట ఆగింది!

పక్కనే పిడుగు పడింది. పైనుంచి మాంత్రికుడి కేక: "ఒరేయ్, పంజరమేదిరా? పిడుగు తగిలితే చిలుక చస్తుంది, నేనూ చస్తాను!"

"నీ తుఫానేగా, నువ్వే ఆపుకో! మా అన్నల్ని కూడా వదులు!"

వాడు తుఫాను ఆపాడు. ఏడో సముద్రం ఒడ్డున అన్నల రాతిబొమ్మలు మనుషులయ్యాయి.

మణికంధరుడు అన్నలతో ఇల్లు చేరి, నాంచారిని పెళ్ళాడి చాలాకాలం రాజ్యమేలాడు. నిండుకొలువులో కూడా ఒక్కోసారి ఆ ఆకాశం గుర్తొచ్చి, "ఉన్నావా?" అనేవాడు.

"ఉన్నాను," అనేది భుజం మీది చిలుక.

ఈ ఒక్క పని గుర్తుంచుకోండి నాయనలారా. ఏదీ, నాతోపాటు అనండి: పంజరాన్ని విసిరాడు, చిలుకను విసరలేదు.