పౌడరు పూసిన ఇంజను

"కారిన చోటల్లా మూస్తూనే ఉన్నాను మేస్త్రీ. మూసిన మర్నాడే ఇంకోచోట కారుతుంది. నా చేతిలోనే ఏదన్నా లోపముందా?" అని ఏసోబు తన గురువు జమాల్ మేస్త్రిని అడిగాడు.

సుబ్బరాయుడు అద్దెకు తిప్పుకునే పాత కారు అది. ఇంజను కింద ఆయిలు మడుగు కడుతోంది. ఈసారీ ఆగకపోతే సాయంత్రమే పాత ఇనుముకి తోలేస్తానని అతను వచ్చి కూర్చున్నాడు. అతనికున్న జీవనాధారం అదొక్కటే.

అడిగినదానికి నేరుగా జవాబు చెప్పడం మేస్త్రికి అలవాటు లేదు. "ముందు దానికి తలంటు పొయ్యి," అన్నాడు.

కిరసనాయిలుతో ఇంజనంతా కడిగి, తుడిచి ఆరబెట్టారు. మేస్త్రి ఇంట్లోంచి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెప్పించి దాని ఒళ్లంతా చల్లాడు. ఎదురింటి అరుగు మీదున్న నేను కూడా ఆగలేక లేచొచ్చాను.

"పెళ్లిచూపులా మేస్త్రీ, నా బండికి?" అన్నాడు సుబ్బరాయుడు. నవ్వుతూనే బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

బండి స్టార్టు చేశారు. అందరం వంగి చూస్తున్నాం. తెల్లటి పౌడరు మీద సన్నటి నల్లగీత! అదెక్కడో అడుగున పుడుతుందనుకుంటే, పైమూత అంచున పుట్టి, పక్కగా జారి, అడుక్కి చేరుతోంది. ఎంత చిత్రం!

"దొరికింది!" అని ఏసోబు బోల్టులు బిగించడానికి పానా అందుకున్నాడు. మేస్త్రి అతని చెయ్యి పట్టుకుని ఆపి, ఆయిలు పోసే మూత వదులు చేశాడు. అన్నం గిన్నె మీది మూతలా అది ఎగిరెగిరి పడింది. లోపల్నుంచి బుస్సుమని పొగ.

"ఇంత గాలి లోపలుంది. పోయే దారేదిరా?"

ఆ గాలి పోవడానికి ఇంజను పక్కన ఒక గొట్టం ఉంటుందట. అది మూసుకుపోతే గాలి దొరికిన సందులోంచల్లా ఆయిల్ని బయటికి తోస్తుందట. ఏసోబు దాన్ని తడిమి చూసి నాలిక కరుచుకున్నాడు. అక్కడ కూడా చెమ్మ కనబడితే, మొదట్లో తనే గుడ్డపేలిక కుక్కి మూశాడట. గబుక్కున లాగేశాడు. ఎగిరే మూత బుద్ధిగా కూర్చుంది. తుడిచి మళ్లీ పౌడరు చల్లారు. ఇంజను ఎంతసేపు తిరిగినా తెలుపు తెలుపుగానే ఉంది! సుబ్బరాయుడు ఎగిరి సీట్లో కూర్చుని వీధంతా దద్దరిల్లేలా హారను కొట్టాడు. నేను చప్పట్లు కొట్టాను.

ఏసోబు మాత్రం ఆ గొట్టం మూతినే చూస్తున్నాడు. "ఇక్కడ ఒకటీ అరా చుక్క పడుతూనే ఉంటుంది కదా మేస్త్రీ?"

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు.

"పడనీరా. ఊపిరన్నాక ఆ మాత్రం చెమ్మ ఉంటుంది."