మంత్రి పోయినా లేవని గేదె

వినేవారు ఊ కొడితేనే ఈ కథ నడుస్తుంది. కాబట్టి ఊ కొట్టండి. అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఎండిన వాగు, ఆ వాగు ఇసుకలో ఒకే ఒక చెలమ. రాత్రంతా ఊరిన నీరు ఒక్క జంతువు దాహానికి సరిపోయేది. తరువాత వచ్చినవారికి బురదే మిగిలేది. అందుకని తెల్లవారగానే పక్కనున్న బండమీద చదరంగం ఆడి, గెలిచినవారే ముందు తాగాలని జంతువులు కట్టుబాటు చేసుకొన్నాయి. బండమీద గళ్లు గీశాయి. రేగుగింజలు బంట్లు, గులకరాళ్లు ఏనుగులు, కరక్కాయ మంత్రి.

వేసవి మొదలైనప్పటి నుండి నక్కే తాగుతున్నది. దాని పద్ధతి ఒకటే. ఎదుటివారి మంత్రిని పడగొట్టగానే లేచి నిలబడి, ముంగాళ్లు జోడించి, "మంత్రి పోయాక కూర్చోవడం మర్యాదస్తుల లక్షణం కాదు" అనేది. జింక సిగ్గుపడి, ఓటమి ఒప్పుకొని లేచింది. కుందేలు ఏడుస్తూ లేచింది.

ఆనాడు గేదె వంతు. కొత్తగా ఈనిన గేదె; నీళ్లు లేక దాని పాలు ఎండిపోతున్నాయి, పొదలో దూడ అరుస్తున్నది. సాక్షిగా తాబేలు కూర్చున్నది. ఆట సగానికి రాకముందే నక్క గుర్రం గేదె మంత్రిని కొట్టింది.

"బాగా ఆడావక్కా. ఇక లే" అన్నది నక్క.

"నెమరు మధ్యలో లేవడం మా ఇంటావంటా లేదు తమ్ముడూ. నా ఎత్తు నన్ను వేయనీ."

"మంత్రి పోయింది!"

"చూశాను. నా కళ్లముందే పోయింది."

"నీకంటే తెలివైన జింకే లేచిందే!"

"దాని కాళ్లు తేలిక."

నక్క తాబేలు వైపు తిరిగింది. "తాతా, నువ్వైనా చెప్పు. పోయిన ఆటను సాగదీయడం నన్ను అవమానించడం కాదా?"

తాబేలు మెడ చాచింది. "లేవాలని కట్టుబాటులో లేదు, లేవకూడదనీ లేదు. ఆడేవారి ఇష్టం."

"ఓటమి నాకు కనబడితే నేనే లేస్తాను. ఇప్పటికి నాకు కనబడుతున్నది నీ తొందరే" అన్నది గేదె.

నిజానికి నక్క ఏ ఆటనూ చివరిదాకా ఆడి ఎరుగదు. మంత్రిని పడగొట్టడం తెలుసు. రాజును కట్టడం తెలియదు. "ఏమీ మిగల్చకపోతే అప్పుడు లేస్తావులే" అంటూ గేదె బంట్లను ఒక్కొక్కటే ఏరసాగింది. మూలనున్న చివరి బంటు కోసం, తన రాజుకు కాపలాగా ఉన్న ఏనుగును కూడా వరుస దాటించింది. ఆ రాజు ముందున్న మూడు బంట్లు మాత్రం మొదటినుండీ కదలనే లేదు.

గేదె నెమరు ఆపింది. తన ఏనుగు గులకరాయిని తిన్నగా నక్క చివరి వరుసలోకి నెట్టింది.

"రాజు" అన్నది.

నక్క తన రాజును ముందుకు జరపబోయింది. సొంత బంట్లే అడ్డం. పక్కకు జరిపితే అదీ ఏనుగు దారే. అడ్డం వేయడానికి దగ్గరలో ఏదీ లేదు.

"ఆటకట్టు" అన్నది తాబేలు.

నక్క కూలబడింది. అప్పుడు లేచింది గేదె. "బాగా ఆడావు తమ్ముడూ. ఇక లే, చెలమకు అడ్డంగా కూర్చున్నావు."

ఓడిపోయామా లేదా అన్నది ఎదుటివారి నోట వినరాదు, గళ్లలో చూసుకోవాలి.

ఈ కథ నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ పేరిందేవమ్మ. నా మంత్రిని తీసుకొని, లేవబోయిన నన్ను జడ పట్టి కూర్చోబెట్టి మరీ చెప్పింది.