గట్టు అవతలి మూడు బావులు

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. ఇది జరిగిన చోటికి మనం చాలా దూరంలో ఉన్నాం. ఇక్కడ మీకు ఇలాంటివి చెప్పేవాళ్ళు లేరు. అందుకే నేను చెబుతున్నాను.

అనంతపురంలో భూగోళశాస్త్రం ఎం.ఏ. చదివే నాగవేణి అనే అమ్మాయికి తెలియనిదాన్ని తెలియదని చెప్పడమంటే చచ్చేంత నామోషీగా ఉండేది. తెలివైనదే, కష్టపడేదే. కానీ పరీక్షలో ఒక్క ప్రశ్న వదిలినా ఆ పూట అన్నం తినేది కాదు.

చివరి ఏడాది ఆమె రాళ్ళకుంట అనే ఊళ్ళో బావుల నీటిమట్టం కొలిచి పటం గీయాల్సి వచ్చింది. తాడుకు రాయి కట్టి బావిలోకి వదలాలి. నీళ్ళు తగిలేసరికి ఎన్ని అడుగులు దిగిందో రాసుకోవాలి. ఓబుళమ్మ అనే పెద్దావిడ ఆమెకు అన్నం పెట్టి, దారి చూపించేది. ముప్పై ఏడు బావులు అయ్యాయి. గట్టు అవతల బీడుపడిన చేలల్లో మూడు మిగిలాయి. ఎండ మండుతోంది. బస్సు వేళయింది. నాగవేణి పక్క బావుల అంకెలు చూసి, ఆ మూడింటికీ ముప్పై, ముప్పై అయిదు అడుగుల మధ్య ఏవో అంకెలు వేసేసింది.

పటం చక్కగా వచ్చింది. ఆమె మాస్టారు రహంతుల్లా గారు మెచ్చుకున్నారు. ఒక ప్రతి ఆ ఊరికి పంపడం వాళ్ళ శాఖలో ఆనవాయితీ. పంపారు.

మౌఖిక పరీక్ష వారం ఉందనగా ఓబుళమ్మ ఫోన్ చేసింది.

"ఏం పాపా, బాగుండావా? గట్టు అవతల బావి తవ్వుతాండాం!"

"అక్కడెందుకు అవ్వా?"

"నీ పటం చూసే! ఆ బావులు ఎప్పుడో ఎండిపోయినాయనుకుంటిమి. కంపలు కమ్ముకున్నాక అటు ఎవరూ పోలేదు. నువ్వు తాడేసి చూసినావు గదా, నీళ్ళు మళ్ళీ ఊరినాయన్నమాట! ఆ పాతవి ఇరుకు, ఊరికి చాలవని పెద్దది తవ్వుతాండాం."

"మీరొకసారి తొంగి చూడలేదా?"

"చదువుకున్న పిల్ల చూసినాక మేము చూసేదేముంది?"

నాగవేణి ఫోన్ పెట్టేసింది. నిజం చెబితే ఈ ఏడు పట్టా పోతుంది. చెప్పకపోతే ఊరంతా ఎండలో వట్టి రాయి తవ్వుతుంది. నీళ్ళు పడతాయేమోలే అని రెండు రోజులు తనకు తానే చెప్పుకుంది. మూడో రోజు బస్సెక్కింది.

అప్పటికి పన్నెండడుగుల గుంత అయింది. తవ్వేవాళ్ళ చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"అవ్వా, ఆ మూడు బావులూ నేను కొలవలేదు. ఊహించి రాశాను," అంది నాగవేణి.

గుంతలో ఉన్న సుంకన్న గడ్డపార పక్కన పెట్టాడు. "రెండు దినాలు ముందు చెప్పింటే నా నడుమన్నా మిగిలేది గదమ్మా!" అన్నాడు.

ఓబుళమ్మ గుంత అంచున కూర్చుంది. తర్వాత అంది: "తెల్దని రాసింటే పోయేది గదా పాపా. నువ్వడిగినవి తెలీకపోతే మేము తెల్దని చెప్పలేదా? దాంతో మాకేమన్నా చిన్నతనమైందా?"

అందరూ కంపలు నరికి ఆ మూడు బావుల్లోనూ తాడు వేశారు. మూడుసార్లూ రాయి పొడిగానే పైకొచ్చింది. గుంత పూడ్చేటప్పుడు నాగవేణి కూడా పార పట్టింది. ఎవరూ వద్దనలేదు.

తర్వాత ఆమె మాస్టారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పింది.

"ఈ ఏడు పట్టా రాదు. తెలుసా?" అన్నారాయన.

"తెలుసండీ."

"అయితే పటం మళ్ళీ గీయి."

ఈసారి ఆమె ప్రతి బావికీ నడిచి వెళ్ళింది. మొదట రానిచ్చిన ఒక రైతు ఇప్పుడు తన తోటలోకి రానివ్వలేదు. పటంలో ఆ బావి దగ్గర 'కొలవలేదు' అని రాసింది. పట్టా మరుసటి ఏడాది వచ్చింది.

పిల్లలూ, తెలియదని చెప్పడం చిన్నతనం కాదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెబితే, ఆ తప్పు బరువు మనల్ని నమ్మినవాళ్ళ మీద పడుతుంది. ఇదే ఈ కథలోని నీతి.

దీన్ని మీ స్నేహితులకు కూడా చెప్పండి. మధ్యలో ఏదైనా గుర్తు రాకపోతే, గుర్తు లేదని చెప్పి మిగతాది చెప్పండి.