నేతిబీరలంకలో అరవై మూడు మంది

నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, నేతిబీరలంకలో తెలివి అంత. ఈ మాట అవతలి ఒడ్డు వాళ్లది. లంకవాళ్లనడిగితే మాత్రం, గోదావరికి రెండు పక్కలా ఉన్న తెలివంతా ఒక తక్కెడలో వేసినా తమ ఊరి తెలివికి సరితూగదంటారు. చుట్టూ నీళ్లు, మధ్యలో గుప్పెడు ఇళ్లు, రేవులో ఒకే ఒక్క పడవ. ఆ గుప్పెడు ఇళ్లలో అందరికంటే తెలివైనవాడు తాతబ్బాయి. అతని తర్వాత తమ్ముడు భద్రం. ఆ తర్వాత చిన్నతమ్ముడు నూకరాజు. ఈ వరస ఎవరు పెట్టారంటే తాతబ్బాయే పెట్టాడు.

ఒకరోజు భద్రం సెల్‌ఫోనులో ఒక వింత చూశాడు. ఇంటర్నెట్టులో విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉందట. అందులో ఊరూరికీ ఒక పేజీ ఉందట. ఎవరైనా రాయొచ్చట, ఎవరైనా దిద్దొచ్చట. అవతలి ఒడ్డు ఊరికి ఉంది. తమ ఊరికి లేదు.

"తెలివి మన దగ్గర, పేజీ వాళ్ల దగ్గరానా? పట్రా ఆ ఫోను!" అన్నాడు తాతబ్బాయి.

అంతే, ముగ్గురూ అరుగు మీద కూచుని రాసేశారు. "నేతిబీరలంక భూలోక స్వర్గం. ఇక్కడి అరటిపండు తిన్నవాడికి అమృతం చేదు. ఇక్కడివాళ్లందరూ మహా తెలివైనవాళ్లు. అందులోనూ తాతబ్బాయి."

తెల్లారి చూస్తే పేజీలో ఒక్క ముక్క లేదు. దిద్దుబాటు దాసు అనే పేరుతో ఎవరో పెద్దమనిషి చర్చ పేజీలో ఓపిగ్గా రాసిపెట్టాడు. "అయ్యా, ఇక్కడ రాయడానికి శైలి నియమాలున్నాయి. పొగడకండి. మీ గురించి మీరే రాసుకోకండి. సొంతంగా లెక్కలు కట్టి రాయకండి. అచ్చయిన మూలం చూపించండి. మూలానికి విరుద్ధంగా ఏదీ ఉండకూడదు."

చెప్పినవాడు బాగానే చెప్పాడు. విన్నవాళ్లు ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమనే రకం. ముగ్గురూ ఆ నియమాలు బట్టీపట్టి, ఊరందరి చేతా బట్టీ పట్టించారు.

తాతబ్బాయి భార్య తాయారుకి అప్పుడు ఏడో నెల. పెళ్లయిన తొమ్మిదేళ్లకు పండిన కడుపు. ఆ కబురు విన్నరోజు తాతబ్బాయి రేవులో కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అలాంటివాడు, సీమంతం నాడు తాయారు పట్టుచీర కట్టుకొచ్చి "ఎలా ఉన్నానండీ?" అని అడిగితే ఏమన్నాడో తెలుసా?

"చీర ఉంది. రంగు ఆకుపచ్చ. పొడవు ఆరు గజాలు. లోపల నువ్వున్నావు."

"అంతేనా?"

"అంతకుమించితే పొగడ్త అవుతుందే. నియమం ఒప్పుకోదు."

తాయారు వేరే ఊరి పిల్ల. తొమ్మిదేళ్లయినా ఆవిడకి ఈ తెలివి అలవాటు కాలేదు. రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు.

ఈలోగా భద్రం పట్నం వెళ్లి, లైబ్రరీలో బూజు దులిపి, పదిహేనేళ్ల కిందటి జనాభా లెక్కల పుస్తకం పట్టుకొచ్చాడు. నేతిబీరలంక. జనాభా అరవై మూడు. ఇళ్లు పదిహేడు. బావులు రెండు. జనం వృత్తి చాపలు అల్లడం. ఉన్నదున్నట్టు పేజీలోకి ఎక్కించారు. "బాగుంది. ఇలాగే ఉండాలి" అని దాసు మెచ్చుకున్నాడు.

ఊరు పొంగిపోయింది. పొంగు చల్లారాక నూకరాజు చుట్టూ చూసి గొంతు తగ్గించి అన్నాడు. "అన్నయ్యా, మనకి బావులు మూడున్నాయి."

ఇంకేముంది! మూలానికి విరుద్ధంగా బావి ఉంది. ఉండకూడదు. తట్టలూ పారలూ తీసుకుని ఊరంతా కదిలింది. పాత బావులు రెండింట్లోనూ ఉప్పునీళ్లు, కొత్త బావిలో కొబ్బరినీళ్లలాంటి నీళ్లు. అయితే మాత్రం? పుస్తకంలో లేనిది కొత్తదే కదా! మధ్యాహ్నానికల్లా పూడ్చేసి, ఉప్పునీళ్లు తాగి సేద తీరారు.

మర్నాడు ఇళ్లు లెక్కపెడితే పద్దెనిమిది తేలాయి. భద్రం ఇంటికీ పక్కింటి సూరమ్మ ఇంటికీ మధ్యగోడ పడగొట్టి రెండూ ఒకటి చేశారు. ఆ పూట నుంచి ఎవరి పొయ్యి మీద ఎవరి పులుసో, ఎవరి మంచం మీద ఎవరి అత్తగారో తెలియలేదు. ఆ తర్వాత అరటితోటలు వదిలేసి అందరూ చాపలల్లడానికి కూచున్నారు. చాప అల్లడం ఎవడికి తెలుసు? వాళ్లు అల్లిన చాపలో కూచున్నవాణ్ని లేవదీయడానికి ఇద్దరు కావలసి వచ్చేది. తోటలో గెలలు చెట్టునే మాగి కుళ్లిపోయాయి.

జనాన్ని మాత్రం రేవులో వరసగా నిలబెట్టి లెక్కపెడితే సరిగ్గా అరవై మూడు వచ్చారు. ఆ రాత్రి ఊరంతా పాయసం వండుకుంది. తెల్లారి తాయారు పురిటికి పుట్టింటికెళ్లింది. అరవై రెండు!

అంతే, ఊరు గగ్గోలు. సరిగ్గా అప్పుడే "కుక్కర్లు బాగుచేస్తాం" అని అరుస్తూ ఒకాయన పడవ దిగాడు. నలుగురూ చుట్టుముట్టారు.

"ఏవయ్యా, నీకు పెళ్లయిందా?"

"లేదండి."

"ఎవరైనా ఎదురుచూస్తుంటారా?"

"కుక్కర్లేనండి."

"అయితే తాయారు తిరిగొచ్చేదాకా నువ్వే తాయారువి. రోజూ చేపల పులుసు."

"ఎండు మెత్తళ్లు కూడా వేయిస్తారాండి?" అన్నాడాయన, సంచీ దింపుతూ.

అప్పటినుంచి నూకరాజుకి రేవు కాపలా. ఒకరు పడవెక్కాలంటే ఒకరు దిగాలి. సంతకి పోవాలనుకున్నవాళ్లు ముందు అవతలి ఒడ్డు నుంచి ఒక మనిషిని అరువు తెచ్చుకోవాలి. మొదట్లో సరదాకి వచ్చారు కానీ, ఆ ఉప్పునీళ్లు తాగి, ఆ చాపల్లో ఇరుక్కున్నాక అవతలివాళ్లు మనుషుల్ని అరువివ్వడం మానేశారు. అందుకే తాయారుకి ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చినా తాతబ్బాయి వెళ్లలేకపోయాడు. తన బదులు నిలబడే మనిషి దొరకలేదు. ఫోనులో బొటనవేలంత మొహం చూసి, ఆ ఫోనునే గుండెలకి హత్తుకుని తిరిగాడు.

పాపకి మూడో నెల వచ్చింది. తాయారు పాపని తీసుకుని ఆదివారం వస్తున్నానంది. తాతబ్బాయి ఉయ్యాల కట్టాడు. దానికి తాటాకు చిలకలు అల్లి వేలాడదీశాడు. చిలకలు కాస్త వంకరగా ఉన్నాయి, చాప అల్లిన చేతులు కదా. నూకరాజు మాత్రం వేళ్లు ముడుస్తూ వచ్చాడు.

"అన్నయ్యా, వదిన వస్తుంది, కుక్కర్లాయన పోతాడు. సరికి సరి. మరి పాప?"

తాతబ్బాయి తనూ వేళ్లు ముడిచి చూశాడు. పాపతో అరవై నాలుగు! వెంటనే ఫోను తీసి దాసుకి రాశాడు. "అయ్యా, మాకు పాప పుట్టింది. అరవై నాలుగని మార్చుకోవచ్చా?"

"శుభాకాంక్షలు. అయినా మూలం లేకుండా అంకె మార్చకూడదు. కొత్త జనాభా లెక్కలు త్వరలోనే వస్తాయి. అంతవరకు అరవై మూడే ఉండాలి" అని జవాబొచ్చింది.

ఉండాలంటే ఉండాలి. ఎవరో ఒకరు తగ్గాలి. ముగ్గురన్నదమ్ములూ చేతులు కట్టుకుని తొంభై ఏళ్ల నాయనమ్మ అచ్చియమ్మ మంచం దగ్గర నిలబడ్డారు.

"నాయనమ్మా, నీకేదైనా ప్రయాణం ఉందా?" అని అడిగాడు భద్రం వినయంగా.

"ఎక్కడికిరా?"

"పైకి. ఆదివారం లోపల."

చేతికర్ర గాల్లోకి లేచింది. ముగ్గురికీ మూడు బొప్పులు కట్టాయి. అవి తడుముకుంటూ తాతబ్బాయి ఒక నిర్ణయానికొచ్చాడు. బిడ్డ ఊళ్లో ఉండాలి. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన బిడ్డ. అందుకని తను పోవాలి.

ఆదివారం పడవ వచ్చింది. తాయారు పాపతో ఒడ్డుకి దిగింది, కుక్కర్లాయన కళ్లు తుడుచుకుంటూ పడవెక్కి కూచున్నాడు. తాతబ్బాయి మూటతో మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డాడు.

"నీళ్లల్లో ఉన్నంతసేపూ ఊళ్లో లేనట్టే. ఒక్కసారి పాపనియ్యవే, ఎత్తుకుంటాను" అన్నాడు.

తాయారు పాపని అందించింది. పాప నాన్న ముక్కు పట్టుకుంది. తాతబ్బాయికి ఆ క్షణాన లోకంలో మరేమీ కనబడలేదు, వినబడలేదు.

"అన్నయ్యా, పాపని ఒడ్డుకియ్యి! ఊళ్లో లెక్క తగ్గిపోతోంది!" అని అరిచాడు నూకరాజు.

"ఏవండీ, మీకేమైనా పిచ్చా?" అంది తాయారు. "పుస్తకంలో తప్పుంటే పుస్తకం మారాలి గానీ మనుషులు మారతారా?"

"మారుతుందే. కొత్త లెక్కలవాళ్లు వస్తారు. నన్ను రాసుకుంటారు. ఆ మర్నాడే ఇంటికొచ్చేస్తాను" అన్నాడు తాతబ్బాయి. పాపని తిరిగిచ్చి, తనూ పడవెక్కి కుక్కర్లాయన పక్కన కూచున్నాడు.

అవతలి ఒడ్డున తాటాకులతో చిన్న గుడిసె వేసుకున్నాడు. రోజూ సాయంత్రం తాయారు రేవులో నిలబడి పాపని పైకెత్తి చూపించేది. అంతదూరం నుంచి ఏం కనబడుతుంది? అయినా తాతబ్బాయి ఆ సాయంత్రం కోసమే తెల్లవారుజామున లేచి కూచునేవాడు.

ఇరవై రోజులకి లెక్కల టీచరమ్మ వచ్చింది. బడికి సెలవులిస్తే జనాభా లెక్కల డ్యూటీ వేశారామెకి. మండుటెండలో లంక రేవులో కాలు పెట్టబోతుంటే నూకరాజు "ఒక్క నిమిషం మేడమ్" అని తను పడవలోకి దూకి, ఆమెని దిగనిచ్చాడు.

"మీ ఇంట్లో ఎంతమందండీ?" అని ఆమె భద్రాన్ని అడిగింది.

"మేం చెప్పకూడదండి. మా గురించి మేమే చెప్పుకుంటే చెల్లదు."

"పోనీ లెక్కపెట్టి చెప్పండి."

"సొంత లెక్కలు అసలే నిషేధమండి."

ఏ ఇంటికెళ్లినా ఇదే పాట. టీచరమ్మ కొంగుతో చెమట తుడుచుకుని, అందరినీ బయటికి పిలిచి, తనే తలలు లెక్కపెట్టుకుంది. పడవలో ఉన్న నూకరాజుని కూడా కలుపుకుంటే అరవై మూడు మంది తేలారు. తాయారు పరిగెత్తుకొచ్చింది.

"మేడమ్ గారూ, మా ఆయన అవతలి ఒడ్డున ఉన్నారండి. ఆయన్నీ రాయండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లెందుకమ్మా? తిరిగి వెళ్తూ అడుగుతాను. నేను ఈ ఊరివాణ్నే అని ఆయన ఒక్కమాట చెబితే రాసేస్తాను."

పడవ అవతలి ఒడ్డుకి చేరింది. గుడిసె ముందు తాతబ్బాయి తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని నిలబడి ఉన్నాడు. ఇవతల రేవులో తాయారు, చంకలో పాప.

"ఏవండీ, మీరు ఆ లంక మనిషేనా?"

తాతబ్బాయి ఇవతలి రేవుకేసి చూశాడు. ఔననే మాట నాలుక చివరికొచ్చేసింది. అంతలో శైలి నియమం గుర్తొచ్చింది. ఇన్ని రోజులు కష్టపడి పాటించి చివర్లో తప్పితే ఎలా?

"నేను చెబితే చెల్లదండి. అచ్చయిన మూలం చెప్పాలండి" అన్నాడు.

"మీరున్నారని అచ్చులో ఎక్కడుంది?"

"మీరు అచ్చువేస్తే ఉంటుందండి."

"మీరు చెబితే కదా నేను అచ్చువేసేది?"

"మీరు అచ్చువేస్తే కదండీ నేను చెప్పేది?"

"చెప్పండీ! ఔనని చెప్పండీ!" అని తాయారు గోదారి దద్దరిల్లేలా అరుస్తోంది. తాతబ్బాయి ఆమెకేసి చేయి ఊపి, ఫోను తీసి టీచరమ్మకి పేజీ చూపించాడు. "మీకు అనుమానంగా ఉంటే ఇది చూసుకోండి మేడమ్."

పేజీలో అరవై మూడు. తన కాగితాల్లో అరవై మూడు. టీచరమ్మ ఎండకేసి ఒకసారి, తాతబ్బాయికేసి ఒకసారి చూసి, సంతకం పెట్టుకుని వెళ్లిపోయింది.

"చూశావా తాయారూ! కొత్త లెక్కలోనూ అరవై మూడే! మన పేజీ అంత నిఖార్సయింది!" అని గంతేశాడు తాతబ్బాయి. గంతు వేసి కిందకి దిగాక తెలిసింది, మళ్లీ లెక్కలు రావడానికి పదేళ్లు పడుతుందని. చతికిలబడి, మోకాళ్లలో తల పెట్టుకుని భోరుమన్నాడు.

ఎంతసేపు ఏడ్చాడో, తల ఎత్తేసరికి ఎదురుగా తాయారు. చంకలో పాప, నెత్తిన మూట, చేతిలో గిన్నెలు. నూకరాజు వద్దువద్దంటున్నా, టీచరమ్మని దింపి తిరిగొచ్చిన పడవ వేసుకుని వచ్చేసింది.

"మీరు రాకపోతే మేమే వస్తాం. ఈ గుడిసెలోనే కాపురం పెడదాం. పట్టండి పిల్లని" అంది.

తాతబ్బాయి పాపని గుండెలకదుముకున్నాడు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇక ఎవరూ తొందరపెట్టరు, తనివితీరా ముద్దుపెట్టుకోవచ్చు. పెట్టుకోబోతుంటే లంక మీంచి నూకరాజు గావుకేక వినబడింది.

"అన్నయ్యోయ్! ఇద్దరు తగ్గారు! అరవై ఒకటి!"

ఇంకేముంది! తాతబ్బాయి పాపని తాయారు చేతిలో పెట్టి, చెంగున లేచి, ఒడ్డున బాతులు మేపుకుంటున్న ఒకాయన్ని రెక్క పట్టుకుని పడవలోకి లాగాడు. తెడ్డు బలంగా వేసి లంక చేరాడు. "నేనొకణ్ని, ఈయనొకరు! సరిపోయిందిరా!" అని రొమ్ము విరుచుకున్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది.

అవతలి ఒడ్డున గుడిసె ముందు తాయారు పిల్లనెత్తుకుని, నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఆమె పక్కనుంచి ఆరువందల బాతులు, కాసేవాడి కోసం ఒక్కొక్కటే గోదాట్లోకి దిగి, వరసకట్టి లంకకేసి ఈదుకొస్తున్నాయి.

నూకరాజు మొహం పాలిపోయింది. "అన్నయ్యా, పుస్తకంలో బాతులెన్నని ఉంది?" అన్నాడు.