ముళ్ళపంది పెట్టిన తారు పరీక్ష

అనగనగా అనే మాట కూడా పుట్టకముందు, పిల్లలూ, ఒక మండుటెండల అడవి ఉండేది. ఎంత ఎండంటే, కొమ్మ మీంచి ఎగిరిన కాకి పక్క కొమ్మకు చేరేలోపు వేగిపోయేది. నా కళ్ళతో చూశాను.

ఆ అడవికి రాజు సింహం. ఏరు ఒక చివర, దాహంతో అల్లాడే పిల్లజంతువులు మరో చివర. నడుమ నీళ్ళు మోసేది గజపతి అనే ఏనుగు ఒక్కడే. పోయిన వేసవిలో తారు రోడ్డు కరిగి అతని కాళ్ళు అతుక్కుపోయాయి. అడవిలో కోతులన్నీ తోక పట్టి లాగి ఊడదీసేసరికి కుండల్లో నీళ్ళన్నీ ఆవిరయ్యాయి.

"ఈసారి అతుక్కుంటే కుండలు మీరే మోయండి ప్రభూ," అన్నాడు గజపతి.

సింహం కొత్త రోడ్డుకు గట్టి తారు ఏరమని ముళ్ళపంది సూరమ్మకు చెప్పింది. సూరమ్మ పద్ధతి ఒకటే. తన ముల్లు పీకి తారు మీద నిలబెట్టి, పైన వెలగకాయ పెట్టి, రెప్పపాటు ఆగుతుంది. ముల్లు ఎంత లోతు దిగితే తారు అంత మెత్తన.

తారు అమ్మే ముగ్గురు తలో కుండ తారు సభకు తెచ్చారు. ఎలుగు తాత తారులో ముల్లు సగం దిగింది. మేక మల్లక్క తారులో గోరంత దిగింది. నక్క శెట్టి తారు మీద గీత కూడా పడలేదు. సభంతా కేరింతలు.

"నాది తారు కాదు ప్రభూ, వజ్రం," అన్నాడు నక్క శెట్టి.

రాజు ఊఁ అనబోతుండగా సూరమ్మ ఆ కుండకు ముక్కు ఆనించింది. మంచులా తగిలింది.

"శెట్టిగారూ, దీన్ని కొండ ఊటలో దాచారా?"

"ఎండకు వాడిపోతుందని కాస్త చల్లన పెట్టానమ్మా."

"మరి రోడ్డంతా గొడుగు కూడా మీరే పడతారా?"

సూరమ్మ మూడు కుండలనూ ఒకే గోరువెచ్చని మడుగులో, ఒకే సమయం పాటు నానబెట్టి మళ్ళీ ముల్లు దించింది. మల్లక్క తారులో మళ్ళీ గోరంతే, ఎలుగు తాతదాంట్లో మళ్ళీ సగమే. నక్క తారులో ముల్లు, వెలగకాయ రెండూ మాయం. పాతాళంలో ఎవరికో గుచ్చుకుని "అబ్బా" అన్న కేక నేనే విన్నాను.

ఎలుగు తాత మొహం చిన్నబోయింది. "మంచు పడే కొండ దారికి మీ మెత్తనిదే కావాలి తాతా, గట్టిదైతే పగులుతుంది," అంది సూరమ్మ.

మల్లక్క తారుతో రోడ్డు వేశారు. నడిమధ్యాహ్నం గజపతి నిండు కుండలతో అడుగు పెట్టాడు. కాలు ఆనింది, చక్కగా లేచింది. అవతల పిల్లలు మూతులు తడిసేలా తాగారు. నక్క శెట్టి మాత్రం రాజు వేసిన శిక్షకు పాత రోడ్డు తారు గీకుతూ కూర్చున్నాడు.

కాబట్టి పిల్లలూ, ఎవరు గట్టివారో తేల్చాలంటే ముందు అందరినీ ఒకే నీళ్ళలో దించి చూడాలి.