ఓడిన గురువుకు ఏనుగు అంబారీ

పాలకొలను రాజు చిత్రరథుడికి చెడుగుడంటే పిచ్చి. ఆయన జట్టుకు మాత్రం గెలుపంటే పడదు.

ఏటా దసరాకి పక్క రాజ్యం మంజీరపురంతో పోటీ. గెలిచినవాళ్లు ఓడినవాళ్ల దగ్గర్నుంచి తమకు నచ్చిన ఒక్కదాన్ని, మనిషినైనా సరే, పట్టుకుపోవచ్చన్నది తాతల నాటి ఒప్పందం. కిందటేడు రాజుగారి వంటవాణ్ని పట్టుకుపోయారు. అప్పట్నుంచి కోటలో పులుసు నోట పెట్టుకునేలా లేదు.

ఈ ఏడూ ఓడారు. మంజీరపురం దూత వీరసింగం ఎవరిని అడగబోతున్నాడో ఊరందరికీ తెలుసు. ఎర్రపోతుని. జట్టు మొత్తంలో కూతకు వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చేవాడు అతనొక్కడే.

ఓటమికి కారణమూ ఊరందరికీ తెలుసు. జట్టు గురువు అప్పలాచార్యులు. ఆయన పంచాంగం విప్పందే ఆటగాణ్ని కదలనివ్వడు. పోటీ సోమవారం పడింది. సోమవారం తూర్పు శూల, అటు అడుగు వెయ్యకూడదు. అవతలి జట్టు నిలబడింది తూర్పున. ఇంకేముంది, ఎర్రపోతు గురువుగారి కళ్లుగప్పి రెండుసార్లు దూరొచ్చాడు తప్ప, మిగతావాళ్లు సాయంత్రం దాకా గీత దాటలేదు. మంజీరపురం వాళ్లు మాత్రం ఇదంతా తమ కండల మహిమే అనుకున్నారు.

మర్నాడు రాజు సభలో తిప్పనను పిలిచాడు. తిప్పన కొలువులో విదూషకుడు. పొట్ట పెద్దది, నోరు అంతకన్నా పెద్దది.

"తిప్పనా, ఎర్రపోతును ఇవ్వను. ఒప్పందం తప్పను. దూతతో అబద్ధమాడితే యుద్ధమే, కాబట్టి అదీ కుదరదు. ఏం చేస్తావో చెయ్యి. లేదంటే వచ్చే ఏడు ఎర్రపోతు బదులు నువ్వే కూతకు వెళ్తావు!"

తిప్పన తన పొట్ట వైపు జాలిగా చూసుకున్నాడు.

"పోనీ, ముందు ఆ గురువుగారిని సాగనంపండి ప్రభూ."

"ఎలా పంపను? ఏరికోరి పెట్టుకున్నది నేనే. ఇప్పుడు ఆయన్ని వదులుకుంటే నా పరువేం కాను? నాకు బుద్ధి లేదని నేనే చాటింపు వేయించుకున్నట్టు!"

కాదనే ధైర్యం సభలో ఎవరికీ లేదు. ఔననే ధైర్యం అంతకన్నా లేదు.

తిప్పన దూతకు ఎదురెళ్లాడు. బజారు మధ్యలో అప్పటికే రభస నడుస్తోంది. తమలపాకులమ్మే నరసమ్మ ఒక పక్క, గాజుల కోటయ్య ఒక పక్క, చెరో సగం ఊరూ వాళ్ల వెనక.

"పోవాలి! ఆయన్ని ఇంకో ఏడు ఉంచితే రాణిగారిని కూడా పట్టుకుపోతారు!" అంది నరసమ్మ.

"మంచి మనిషే నరసమ్మా! ఎవర్నైనా ఒక్కసారి కసురుకున్నాడా?"

"కసురుకోడానికి ముహూర్తం కుదిరుండదు!"

"కాస్త ఓపిక పట్టు. కుర్రాళ్లు ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నారు."

"ఎప్పట్నుంచో కుదురుకుంటూనే ఉన్నారయ్యా! వాళ్లలో సగం మందికి మనవలు పుట్టారు!"

దాంతో మాటలు అయిపోయాయి. జుట్లు దొరికాయి. గాజులు పగిలాయి, తమలపాకులు గాల్లోకి ఎగిరాయి. ఎవరి నోట విన్నా అప్పలాచార్యులు, అప్పలాచార్యులు అన్న కేక తప్ప మరొకటి అర్థం కావడం లేదు. సరిగ్గా అప్పుడే వీరసింగం పల్లకీ వచ్చి ఆగింది.

"ఎవరయ్యా ఈ అప్పలాచార్యులు?" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

"మా జట్టు గురువండి. ఆయన ఉండటం, వెళ్లిపోవడం గురించే ఈ గొడవంతా," అన్నాడు తిప్పన.

"ఓడిన గురువు కోసం ఇంత కొట్లాటా?"

"అదే చూడండి! ఇన్నేళ్లు ఓడినా మా మహారాజు ఆయన్ని మార్చలేదు. వదులుకుంటే తన పరువు పోతుందని ఇందాకే సెలవిచ్చారు."

వీరసింగం చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

"అయితే ఆయన లేకపోతే మీ ఆట?"

"పూర్తిగా మారిపోతుంది దొరా. తలుచుకుంటేనే నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి."

నిజంగానే తిరిగాయి. ఒక్క ముక్క అబద్ధం లేదు.

వీరసింగం లోపల లెక్కలు వేసుకున్నాడు. మా సింహాల ముందు ఏ గురువైనా ఓడాల్సిందే, అందులో ఆయన తప్పేముంది? తన కోసం ఊరు ఊరంతా నెత్తురు చిందించే గురువు మా దగ్గర ఉంటే ఇక మాకు ఎదురేది?

సభలోకి అడుగుపెడుతూనే అడిగేశాడు.

"ఎర్రపోతు మాకక్కర్లేదు. అప్పలాచార్యుల్ని ఇప్పించండి!"

రాజు ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదిరిపోతున్నాయి. పాపం, ఎంత ఏడుస్తున్నాడో అనుకున్నాడు వీరసింగం.

"మరొకటేదైనా కోరుకోకూడదా?" అన్నాడు రాజు ఎలాగో గొంతు పెగల్చుకుని.

"కుదరదంటే కుదరదు!"

కబురందుకుని సభకు వచ్చిన అప్పలాచార్యులు కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నాళ్లకు నా విలువ తెలిసినవాడు ఒక్కడు దొరికాడు," అన్నాడు.

ఆయన్ని ఏనుగు అంబారీ ఎక్కించారు. కోటయ్య నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. నరసమ్మ తమలపాకుల కట్ట పైకి అందించి, "వెళ్లి రండి" అనబోయి నాలిక్కరుచుకుంది.

"వెళ్లండి బాబూ," అని అక్కడితో ఆపేసింది.

అంబారీ కోట దాటేదాకా రాజు ఉగ్గబట్టుకుని, ఆ తర్వాత సింహాసనం మీద అడ్డంగా పడి నవ్వాడు. మెడలో ముత్యాల హారం తీసి తిప్పన మెడలో వేశాడు.

"ఇక వచ్చే ఏడు గెలుపు మనదేరా! మరి అప్పుడు మంజీరపురం నుంచి మనమేం కోరుకుందాం?"

తిప్పన చేతులు జోడించాడు.

"తమ చిత్తం ప్రభూ, ఏదైనా కోరుకోండి. ఆ గురువుగారిని తప్ప!"

సభ పగలబడి నవ్వింది. రాజు రెండో హారం కూడా తీసి ఇచ్చేశాడు.