గేటు దాకా

డెక్లన్ టియర్నీ కోర్టులో నోరు విప్పితే సాక్షులకు చెమటలు పట్టేవి. గుర్రాలకు లాడాలు కొట్టేవాడి కొడుకు, లాయరై, ఆ పేరుతోనే ఐర్లండ్‌లోని తన జిల్లా తరఫున లండన్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. మన గోడు చెప్పడానికి మనవాడొకడు ఉన్నాడని పల్లెలన్నీ మురిసిపోయాయి.

ఊళ్లో ఉన్న శనివారాల్లో మేడ మీది గదిలో జనాన్ని కలిసేవాడు. బల్ల మీద గడియారం పెట్టుకుని, "విషయం చెప్పండి" అనేవాడు. వాళ్లేమో వాన గురించీ, ఈనబోయే ఆవు గురించీ చెప్పి వెళ్లిపోయేవారు. పార్లమెంటులో మహామహులను నిలదీసినవాడికి ఈ జనం మాత్రం అంతుపట్టలేదు.

నోరా హాన్లీ కూడా అలాగే వచ్చింది. భర్త పోయిన మనిషి. కాసేపు కోళ్ల గురించి మాట్లాడి వెళ్లింది. ఆ తర్వాతి బుధవారం నాడు, అద్దె బాకీ ఉందని భూస్వామి మనుషులు ఆమె సామాను బయట పడేసి ఇంటికి తాళం వేశారు. ముందే తెలిసి ఉంటే గడువు కోరుతూ డెక్లన్ కోర్టులో ఒక్క అర్జీ పెట్టేవాడు. ఆ ఇల్లు నిలిచేది.

ఆ సంగతి తెలిశాక అతనికి తిండి సయించలేదు. చిన్నప్పుడు అక్షరాలు నేర్పిన ఫాదర్ కోల్మన్‌ను వెతుక్కుంటూ మఠానికి వెళ్లాడు. ముసలాయన ఆపిల్ చెట్ల మధ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"నోరాను మూడుసార్లు అడిగాను ఫాదర్, విషయం ఏమిటమ్మా అని. ఎందుకు చెప్పలేదు?"

"ఈ ఏడు పిందె బాగా నిలిచింది," అన్నాడు ఫాదర్. టీ పోసి ఇచ్చాడు. ఆ తర్వాత తేనెటీగల సంగతి ఎత్తుకున్నాడు.

డెక్లన్‌కు ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చింది తేనెటీగల కబుర్లకా? టోపీ అందుకుని లేచాడు.

ఫాదర్ కూడా లేచాడు. ఆ ముసలి మోకాళ్లతో నాలుగడుగులు వేయడమే గగనం. వద్దంటున్నా వినకుండా కర్ర పుచ్చుకుని పక్కనే నడిచాడు. గేటు దగ్గర ఆగి, పనేమీ లేనివాడిలా కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు.

డెక్లన్ గేటు గడియ మీద చెయ్యి వేశాడు గానీ తీయలేకపోయాడు.

"ఫాదర్... వెళుతూ వెళుతూ ఆమె తలుపు దగ్గర ఆగింది. ఏదో చెప్పబోయింది. నేను చూశాను. చూసి కూడా తర్వాతివాళ్లను రమ్మని పిలిచాను."

ఫాదర్ అతని చెంప మీద చెయ్యి వేశాడు, బడి మొదటి రోజున వేసినట్టే.

"మరి ఇందాక కూర్చున్నప్పుడు ఎందుకు చెప్పలేదు నాయనా?"

డెక్లన్ గేటు తీశాడు. అక్కడి నుంచి తిన్నగా, నోరా తలదాచుకున్న చెల్లెలి ఇంటికి వెళ్లాడు. క్షమించమని అడిగి, కోర్టులో వేయడానికి ఇంటి కాగితాలు తెచ్చుకున్నాడు.

తర్వాతి శనివారం బల్ల మీద గడియారం లేదు. ఒక ముసలి రైతు వచ్చి, బంగాళాదుంపల గురించి చాలాసేపు చెప్పి, "ఇక వస్తానయ్యా" అని లేచాడు. డెక్లన్ కూడా లేచి, మెట్లన్నీ దిగి వీధి గుమ్మం దాకా వెళ్లాడు.

రైతు టోపీ సర్దుకున్నాడు. "వాన పడేలా ఉంది."

"పడేలాగే ఉంది," అన్నాడు డెక్లన్, గుమ్మానికి ఆనుకుని నిలబడి.

కాసేపటికి ఆ రైతు కోటు లోపలి జేబులోంచి, భూస్వామి ముద్ర ఉన్న, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి బయటికి తీశాడు.